పాలమూరు ఎంబీ చర్చిల వెనకున్న మిషన్: రష్యా పల్లెల నుంచి నల్లగొండ దాకా, కాన్సాస్ నుంచి షంషాబాద్ దాకా

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, జడ్చర్ల, దేవరకొండ వైపు తిరిగితే చాలా ఊళ్లలో ఎంబీ చర్చి అనే బోర్డు కనిపిస్తుంది. ఎంబీ అంటే మెన్నోనైట్ బ్రెదరన్. ఈ మెన్నోనైట్లు ఎవరు, తెలంగాణకి ఎందుకొచ్చారు అని అడిగితే ఆ చర్చికి వెళ్లేవాళ్లలోనే చాలామంది అమెరికా దొరలు పెట్టిన మిషన్ అని చెప్పి ఆగిపోతారు. అది సగమే నిజం. ముందు వచ్చినవాళ్లు అమెరికా వాళ్లు కాదు, ఇప్పుడు ఉక్రెయిన్ అని పిలుస్తున్న దేశంలో, అప్పటి రష్యా చక్రవర్తి పాలనలో, గోధుమలు పండించుకుంటూ జర్మన్ మాట్లాడుకునే రైతు కుటుంబాల వాళ్లు. వాళ్ల వెనక మూడున్నర శతాబ్దాల పరుగు ఉంది, ఆ పరుగు సంగతి తెలియకపోతే ఈ మిషన్ ఇక్కడ ఏం చేసిందో, ఏం చెయ్యలేదో రెండూ అర్థం కావు.

ఈ కథని మామూలుగా మిషనరీల జీవిత చరిత్రల్లా చెప్తారు, ఫలానా దొర ఫలానా ఏడాది వచ్చాడు, బంగళా కట్టాడు, గుడి కట్టాడు, పోయాడు అని. దానికన్నా ఒక్క ప్రశ్న పట్టుకుని చూస్తే చాలా విషయాలు బయటపడతాయి: పని ఎవరు చేశారు, నిర్ణయాలు ఎవరు తీసుకున్నారు. ఈ రెండూ ఒకే చోట లేకపోవడమే ఈ మిషన్ చరిత్రలో అసలు సంగతి.

ముందు ఆ పరుగు గురించి. 1525 జనవరిలో జ్యూరిక్‌లో కాన్రాడ్ గ్రెబెల్, ఫెలిక్స్ మాంజ్, జార్జ్ బ్లౌరాక్ లాంటి కొంతమంది పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు. ఇందులో అంత గొడవేముంది అని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పట్లో పుట్టిన పిల్లకి బాప్తిస్మం ఇవ్వడమంటే చర్చిలోకీ రాజ్యంలోకీ ఒకేసారి చేర్చుకోవడం, కాబట్టి దాన్ని కాదన్నవాడు రాజ్యాన్నే కాదన్నట్టు లెక్క. 1527 జనవరిలో మాంజ్‌ని లిమ్మాట్ నదిలో ముంచి చంపేశారు. నెదర్లాండ్స్ వైపు ఫ్రీస్లాండ్‌లో మెన్నో సైమన్స్ అనే క్యాథలిక్ ఫాదర్ 1536లో తన పదవి వదిలేసి వీళ్లలో కలిశాడు, చెల్లాచెదురైన మనుషుల్ని ఒకచోట చేర్చాడు, ఆయన పేరు మీదే మెన్నోనైట్లు అయ్యారు. కత్తి పట్టం, ఒట్టు వెయ్యం, నమ్మకం అనేది ఎవరికి వాళ్లు తెలిసి తీసుకోవాల్సిన నిర్ణయం, రాజు చెప్పేది కాదు, ఇవీ వాళ్ల మూల సూత్రాలు. సైన్యంలో చేరం అంటే ఏ రాజు ఊరుకుంటాడు, అందుకే నెదర్లాండ్స్ నుంచి ఇప్పటి పోలండ్‌లోని విస్తులా నది డెల్టాకి, అక్కడ ప్రష్యా రాజులు బిగించేసరికి రష్యాకి కదిలారు. 1789లో ఖోర్టిట్సా కాలనీ, 1804లో మోలోచ్నా కాలనీ అలా పుట్టినవే.

రష్యా మహారాణి క్యాథరిన్ వలస రమ్మని పిలిచినప్పుడు భూమి ఇచ్చింది, సైన్యం నుంచి మినహాయింపు ఇచ్చింది, సొంత స్కూళ్లు పెట్టుకోనిచ్చింది. కానీ ఒక షరతు ఉంది, చుట్టుపక్కల ఉన్న ఆర్థడాక్స్ క్రైస్తవులకి మీ మతం చెప్పకూడదు. మిషన్ చరిత్ర రాసేవాళ్లు ఈ షరతుని పెద్దగా పట్టించుకోరు, కానీ చాలా సంగతులు దీన్నుంచే వస్తాయి. పక్క ఊరి వాడికి సువార్త చెప్పడం నేరమైన చోట, ఆ ఉత్సాహం వచ్చిందంటే అది సముద్రం దాటే పోవాలి. వందేళ్లలో ఈ కాలనీలు బాగా డబ్బున్నవి అయ్యాయి, మతం మాత్రం పుట్టుకతో వచ్చే వారసత్వంలా మారిపోయింది, పెళ్లి కావాలంటే బాప్తిస్మం తీసుకో అనే దాకా వచ్చింది. అంటే ఏ పద్ధతిని కాదని వాళ్ల పూర్వీకులు చచ్చిపోయారో అదే పద్ధతి ఇంకో రూపంలో తిరిగి వచ్చింది.

దీని మీద తిరగబడ్డవాళ్లే మెన్నోనైట్ బ్రెదరన్. 1860 జనవరి 6న మోలోచ్నాలో 18 మంది కుటుంబ పెద్దలు విడిపోతున్నామని కాగితం మీద సంతకాలు పెట్టారు. ఎడువార్డ్ వూస్ట్ అనే పక్క కాలనీ పాస్టర్ ప్రసంగాలు, జర్మన్ బాప్టిస్టుల పరిచయం వీళ్ల మీద గట్టిగా పనిచేశాయి, అందుకే నీళ్లు చల్లే పద్ధతి వదిలేసి నీళ్లలో ముంచే బాప్తిస్మం పట్టుకున్నారు. చూడ్డానికి చిన్న తేడా, కానీ తెలంగాణ దాకా వచ్చిన దారి ఇదే వేసింది, ఎందుకంటే ముంచే బాప్తిస్మం ఒక్కటే కావడంతో బాప్టిస్టుల మిషన్‌లో చేరిపోవడం వీళ్లకి సులువైంది.

మెన్నోనైట్లలో విదేశీ మిషన్ మొదలుపెట్టింది మాత్రం వీళ్లు కాదు. 1847లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్ మెన్నోనైట్లు ఒక మిషన్ సంఘం పెట్టి 1851లో పీటర్ యాన్స్‌ని జావా దీవికి పంపారు. అక్కడ కూడా ఇదే ప్రశ్న లేచింది. యాన్స్ ఏళ్ల తరబడి కష్టపడితే కొద్దిమందే వచ్చారు, అదే ప్రాంతంలో తుంగుల్ వులుంగ్ అనే జావా మనిషి తన పద్ధతిలో తను తిరుగుతూ చెప్తే జనం కూడారు, ఇద్దరికీ పొసగలేదు. స్థానికుడు చేసే పనిని బయటి నుంచి వచ్చినవాడు ఎంతవరకు తన పనిగా ఒప్పుకోగలడు అనే గొడవ మెన్నోనైట్ మిషన్లలో మొదటి రోజు నుంచే ఉందన్నమాట.

ఇక నల్లగొండ. ఏబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా, రష్యా ఎంబీ సంఘం నుంచి హాంబర్గ్ బాప్టిస్ట్ సెమినరీకి వెళ్లి, అక్కడ అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ యూనియన్ తెలుగు దేశంలో చేస్తున్న పని గురించి విని, 1889లో ఇండియాకి బయల్దేరారు. ఆ టైమ్‌లో బాప్టిస్టుల తెలుగు మిషన్ పేరు ప్రపంచమంతా మోగుతోంది. నెల్లూరులో పాతికేళ్లు పెద్దగా ఏమీ కదలక మూసేద్దామా అనుకున్న మిషన్, ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్ట్ దొర వచ్చాక మారిపోయింది. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఆయన కాంట్రాక్టు తీసుకుని మాదిగ కుటుంబాలకి పని ఇప్పించడం, కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం, ఇవన్నీ యూరప్ పత్రికల్లో చదివిన కుర్రాళ్లకి తెలుగు దేశం అంటే కోతకొచ్చిన పొలంలా కనిపించింది. ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో కుదురుకున్నారు. మనుషులు రష్యా మెన్నోనైట్లు, జీతాలూ ఖర్చులూ ఎక్కువగా రష్యా కాలనీల గోధుమ డబ్బు, పేరూ పరిపాలనా మాత్రం అమెరికన్ బాప్టిస్టులవి. తర్వాత ఏబ్రహాం హ్యూబర్ట్ సూర్యాపేటలో, యోహాన్ పెన్నర్ మహబూబ్‌నగర్‌లో, అన్‌రూ కుటుంబం వాళ్లు నల్లగొండలో, ఇలా నిజాం రాజ్యం దక్షిణ భాగం అంతా వీళ్లు పరుచుకున్నారు.

ఏ జిల్లా వాళ్లు ఏ చర్చి అవుతారనేది ఇక్కడే తేలిపోయింది. అప్పట్లో మిషన్లు ఒకళ్ల పొలంలో ఇంకొకళ్లు దిగకూడదని నేలని పంచుకునేవి. మెదక్ వెస్లియన్ మెథడిస్టులది, గుంటూరు లూథరన్లది, కృష్ణా వైపు ఆంగ్లికన్లది, కడప లండన్ మిషన్‌ది, నల్లగొండ పాలమూరు బాప్టిస్టులవీ ఎంబీలవీ. దీంతో మెదక్ పల్లెలో పుట్టినవాడు ఇవాళ సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), దేవరకొండ పల్లెలో పుట్టినవాడు ఎంబీ. ఎవరికి వాళ్లు తెలిసి ఎంచుకోవాల్సిందే నమ్మకం అని చెప్పిన మనుషుల చర్చి, ఇక్కడ మ్యాప్ మీద గీసిన గీతని బట్టి వచ్చింది. 1947లో దక్షిణ ఇండియాలో చాలా మిషన్ చర్చిలు కలిసి సీఎస్ఐ అయినప్పుడు బాప్టిస్టులూ ఎంబీలూ బయటే ఉండిపోయారు, కాబట్టి ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి.

అమెరికా శాఖ విషయానికొస్తే, రష్యాలో 1874లో అందరికీ సైనిక సేవ చట్టం రావడంతో దాదాపు 18,000 మంది మెన్నోనైట్లు ఉత్తర అమెరికాకి వెళ్లిపోయారు, వాళ్లలో ఎంబీలు కాన్సాస్, నెబ్రాస్కా, మిన్నెసోటా, డకోటా వైపు స్థిరపడ్డారు. కాన్సాస్‌లో హిల్స్‌బోరో అనే చిన్న ఊరు వాళ్లకి కేంద్రం అయింది. ముందు వీళ్లు ఓక్లహోమాలో కొమాంచీ తెగ మధ్య పోస్ట్ ఓక్ అనే చోట మిషన్ పెట్టారు, కొమాంచీల చివరి పెద్ద నాయకుడు క్వానా పార్కర్‌ని 1911లో పూడ్చింది ఆ మిషన్ శ్మశానంలోనే. ఒకవైపు ఫ్రీసెన్ పిలుపు, ఇంకోవైపు బాప్టిస్టుల కింద కాకుండా మన సొంత ఫీల్డ్, అంటే మిషన్ పనిచేసే ప్రాంతం, ఉండాలనే కోరిక, రెండూ కలిసి 1899లో ఎన్.ఎన్. హీబర్ట్, సూసీ హీబర్ట్, ఎలిజబెత్ న్యూఫెల్డ్ ముగ్గురినీ హైదరాబాద్ రాజ్యానికి పంపించాయి.

ఆ ఏడాదికి ఇంకో ప్రాముఖ్యత ఉంది. 1896-97లో, మళ్లీ 1899-1900లో ఇండియాలో ఘోరమైన కరువులు. అమెరికాలో పండిన ధాన్యం పంచడానికి ఇండియానా రాష్ట్రం నుంచి జార్జ్ లాంబర్ట్ అనే మెన్నోనైట్ 1897లో ఇక్కడికి వచ్చి తిరిగి వెళ్లి చెప్పాడు, దాంతో ఇంకో మెన్నోనైట్ శాఖ 1899లో ఛత్తీస్‌గఢ్‌లోని ధమ్తరీలో, మూడో శాఖ 1901 నాటికి చాంపాలో దిగాయి. ఒకటి రెండేళ్లలోనే మూడు మెన్నోనైట్ మిషన్లు ఇండియాకి వచ్చాయంటే కారణం దర్శనాలూ పిలుపులే కాదు, కరువు కూడా. ధమ్తరీలో అనాథలకి ఇళ్లు, ఆస్పత్రి, చాంపాలో కుష్ఠు రోగుల ఆశ్రమం, పని అక్కడ సేవతోనే మొదలైంది. ఎంబీలు మాత్రం మొదట్నుంచీ ఆత్మల రక్షణే అసలు పని, స్కూలూ ఆస్పత్రీ దానికి సాయం అనే చెప్పుకుంటూ వచ్చారు, తర్వాత అమెరికాలో కూర్చుని మిషన్‌ని నడిపే వాళ్ల బోర్డు మీటింగుల్లో ఎప్పుడూ నలిగిన విషయం కూడా ఇదే, ఎంత డబ్బు ప్రసంగానికి, ఎంత డబ్బు మందులకి అని.

హీబర్ట్ ఆరోగ్యం చెడి రెండేళ్లకే వెనక్కి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చినవాళ్లు నిలబడ్డారు: 1902లో పాంక్రాట్జ్ హైదరాబాద్ మలక్‌పేటలో మొదలుపెట్టి షంషాబాద్ వైపు పోయాడు, 1904లో వచ్చిన బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్‌లో, 1908లో వచ్చిన వోత్ దేవరకొండలో, ఎఫ్.ఎ. యాన్‌జెన్ వనపర్తిలో. స్టేషన్ అంటే అప్పట్లో ఒకటే నమూనా, ఊరి బయట పెద్ద కాంపౌండు, మధ్యలో బంగళా, గుడి, బోర్డింగ్ స్కూలు, మందుల గది, బావి, పక్కన పనివాళ్ల ఇళ్లు, చలికాలం రాగానే టెంట్లు ఎడ్లబండ్ల మీదేసుకుని పల్లెల్లో టూరింగ్.

వీళ్లందరిలో ప్రత్యేకంగా ఆగి చూడాల్సిన మనిషి డాక్టర్ క్యాథరినా షెల్లెన్‌బర్గ్. 1870లో రష్యాలో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో అమెరికా వెళ్లి, మెన్నోనైట్ ఆడపిల్లలు కాలేజీ గడప తొక్కడమే అరుదైన రోజుల్లో డాక్టర్ అయి, 1907లో ఇక్కడికి వచ్చింది. నాగర్‌కర్నూల్‌లో పనిచేసింది, 1928 నుంచి షంషాబాద్ ఆస్పత్రి నడిపింది, 1945లో అక్కడే చనిపోయింది. అంటే దాదాపు 38 ఏళ్లు. పరదా పాటించే ముస్లిం ఇళ్లలోకీ, మాదిగ గుడిసెల్లోకీ ఒకేలా వెళ్లగలిగింది ఆడ డాక్టరే. ఇదే సంఘం అప్పట్లో తమ దేశంలో ఆడవాళ్లని బోధ చెయ్యనిచ్చేది కాదు, మిషన్ ఫీల్డుకి పంపేటప్పుడు మాత్రం చేతులుంచి అభిషేకం చేసి పంపింది, మళ్లీ 1957లో ఎంబీ సంఘాల కాన్ఫరెన్స్ కూర్చుని ఇకనుంచి దీన్ని అభిషేకం అనం, పనికి పంపడం మాత్రమే అంటాం అని తీర్మానం చేసింది. సముద్రానికి ఇవతల ఆడవాళ్లు స్కూళ్లూ ఆస్పత్రులూ నడిపిన అర్ధశతాబ్దం తర్వాత ఈ తీర్మానం రావడం నిజంగా బాధ కలిగించే విషయం. పని ఒక చోట, నిర్ణయం ఇంకో చోట అన్నది ఆడ మిషనరీలకీ వర్తించింది.

అయితే దొరలూ దొరసానులూ కలిపినా ఎప్పుడూ కొద్దిమందే. ఒక్కో స్టేషన్ కింద వందల పల్లెలు. ఆ పల్లెల్లో నిజంగా తిరిగింది తెలుగు బోధకులు, వాళ్ల భార్యలు, ఇళ్లకెళ్లి ఆడవాళ్లకి వాక్యం చెప్పే బైబిల్ స్త్రీలు, రాత్రి బడి పంతుళ్లు. వెట్టి చాకిరీ నుంచి వచ్చిన మనిషి అక్షరాలు నేర్చుకుని, దొర ఇచ్చే కొద్దిపాటి జీతం మీద, ఒక్కోసారి దొరల గడీల బెదిరింపుల మధ్య (ఇక్కడ దొర అంటే భూస్వామి దొర), పక్క ఊరి మాదిగపల్లెలో కూర్చుని కీర్తన పాడి వాక్యం చెప్తే సంఘం పుట్టింది. బోర్డు రిపోర్టుల్లో వీళ్లు ఎక్కువగా అంకెల్లాగే కనిపిస్తారు, ఇంతమంది నేటివ్ బోధకులు, ఇంతమంది బైబిల్ స్త్రీలు అని.

ఎంబీ చర్చిలోకి వచ్చినవాళ్లు దాదాపు అందరూ మాలలు, మాదిగలు. ఎందుకొచ్చారు అనే దానికి రెండు రెడీమేడ్ జవాబులు ఉన్నాయి, బియ్యం కోసం అని ఒకళ్లు, కేవలం దేవుని పిలుపు అని ఇంకొకళ్లు. రెండూ ఆ మనుషుల్ని చిన్నచేస్తాయి. కరువులో తిండి దొరకడం నిజమే, కానీ కరువు పోయాక కూడా నాలుగు తరాలు నిలబడ్డారు కదా. ఊరి బడిలో గడప బయట నిలబెట్టే కాలంలో తమ పిల్లల్ని లోపల కూర్చోబెట్టే బడి, తమ పేరు పెట్టి పిలిచే మనిషి, తమ చేతి నుంచి రొట్టె తీసుకునే బల్ల, తమలోంచే పెద్దల్ని ఎంచుకునే సంఘం, ఇవన్నీ కలిసి ఒక మనిషికి ఎంత బరువైనవో కులం అనుభవించని వాళ్లకి తెలియదు. వచ్చింది కూడా ఒక్కొక్కళ్లుగా కాదు, చుట్టరికాల దారిలో పల్లెకి పల్లెగా. ఎంబీ సిద్ధాంతం ప్రకారం ప్రతి మనిషినీ విడివిడిగా ప్రశ్నించి, మారిన మనసు ఉందా లేదా చూసి అప్పుడు ముంచాలి. పల్లె పద్ధతి ప్రకారం పెద్దమనుషులు కూర్చుని మాట్లాడుకుని అందరం పోదాం అంటేనే పోయేది. ఈ రెండింటి మధ్య మిషనరీలు చాలా ఏళ్లు సతమతమయ్యారు. కులం కూడా చర్చి గేటు దగ్గర ఆగిపోలేదు, మాల సంఘం మాదిగ సంఘం అనే తేడా, పెళ్లిళ్లలో, చర్చి ఎన్నికల్లో ఎవరి వర్గం అనే లెక్క లోపలికి కూడా వచ్చేసింది.

ఇక్కడ ఒక పెద్ద లోటు గురించి చెప్పాలి. మెన్నోనైట్లు అంటే ప్రపంచంలో ఎక్కడైనా ముందు గుర్తొచ్చేది శాంతి, యుద్ధం చెయ్యం అనే మాట, దానికోసమే వాళ్లు మూడు దేశాలు మారారు. తెలంగాణలో ఆ బోధ దాదాపు చేరలేదు. వచ్చింది ముంచే బాప్తిస్మం, ఆదివారం ఆరాధన, పాపం, రక్షణ, అంటే ఏ బాప్టిస్టు మిషన్ అయినా తెచ్చేదే. ఎందుకు చేరలేదు అంటే కారణాలు కనిపిస్తాయి. బాప్టిస్టులతో కలిసి మొదలుపెట్టడం ఒకటి. నిజాం రాజ్యంలో మాదిగ కూలీని సైన్యంలోకి రమ్మని ఎవరూ బలవంతం చెయ్యలేదు కాబట్టి అది అక్కడ బతుకు ప్రశ్న కాలేదు, ఇది రెండోది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: గడీ దెబ్బలు తినే మనిషికి ఎదురుతిరగొద్దు అనే బోధ ఏమని వినిపిస్తుంది? ఆయుధం పట్టగలిగే రైతు పట్టనని చెప్పడం వేరు, చేతులు కట్టేసి ఉన్నవాడికి చెయ్యెత్తకు అని చెప్పడం వేరు. 1940ల్లో నల్లగొండ అంతా సాయుధ పోరాటంలో మండుతున్నప్పుడు, రజాకార్ల దాడులు జరుగుతున్నప్పుడు, 1948లో పోలీస్ యాక్షన్ వచ్చినప్పుడు, అహింస మీద నాలుగు శతాబ్దాలు ఆలోచించిన సంప్రదాయం దగ్గర ఆ పల్లెలకి పనికొచ్చే మాట ఏదైనా ఉండి ఉండాలి. ఆ మాటని పల్లె బతుకులో పెట్టి ఆలోచించే పని మాత్రం జరగలేదు.

రష్యా వైపు దారి మూసుకుపోయింది ముందే. 1914లో యుద్ధం, 1917లో విప్లవం, తర్వాత అంతర్యుద్ధం, 1921-22 కరువు, నల్లగొండకి డబ్బు పంపిన కాలనీలే తిండికి అల్లాడాయి. వాళ్లకి సాయం చెయ్యడానికి అమెరికా మెన్నోనైట్లు అన్ని శాఖలూ కలిసి 1920లో మెన్నోనైట్ సెంట్రల్ కమిటీ పెట్టారు, ఇప్పటికీ ప్రపంచమంతా పనిచేస్తున్న సేవా సంస్థ అదే, 1942లో బెంగాల్ వైపు ఇండియాలో కూడా అడుగుపెట్టింది. 1920ల్లో దాదాపు 20,000 మంది రష్యా నుంచి కెనడాకి వెళ్లిపోయారు. రష్యా మెన్నోనైట్లు నాటిన స్టేషన్లు బాప్టిస్టుల దగ్గరే ఉండిపోయాయి, అందులో మహబూబ్‌నగర్, గద్వాల ఫీల్డుల్ని 1937లో అమెరికన్ ఎంబీలు తీసుకున్నారు. నల్లగొండ, సూర్యాపేట మాత్రం బాప్టిస్టులవే. ఫ్రీసెన్ కట్టుకున్న మొదటి స్టేషనే ఇవాళ ఎంబీ కాదన్నమాట.

స్వతంత్రం వచ్చాక లెక్కలు మారాయి. 1950ల నుంచి కొత్త మిషనరీలకి వీసాలు కష్టమయ్యాయి, 1956లో మధ్యప్రదేశ్‌లో మిషనరీల పని మీద విచారణ చేసిన నియోగి కమిటీ రిపోర్టు వచ్చాక అనుమానం ఇంకా పెరిగింది. బోర్డు కూడా స్థానిక చర్చి తన కాళ్ల మీద తను నిలబడాలి అని చెప్పడం మొదలుపెట్టింది, 1950ల చివర్లో చర్చికి సొంత రాజ్యాంగం, గవర్నింగ్ కౌన్సిల్ వచ్చాయి. చెప్పిన మాట మంచిదే. కానీ అరవై ఏళ్లు డబ్బు సంచీ ఒకళ్ల చేతిలోనే ఉంది, స్కూలు ఎక్కడ పెట్టాలో, బోధకుడి జీతం ఎంతో, ఎవర్ని పైచదువుకి పంపాలో దొరే చెప్పాడు. పల్లె కూలీల కానుకలతో బంగళాలూ ఆస్పత్రులూ బోర్డింగులూ నడవవు, అవి అమెరికా ఖర్చు చూసి కట్టినవి. అలాంటప్పుడు నువ్వే నడుపుకో అని తాళాలు చేతికివ్వడం స్వాతంత్ర్యం ఇచ్చినట్టూ ఉంది, బరువు దించుకున్నట్టూ ఉంది. ఊరి బయట కొన్న కాంపౌండులు టౌన్లు పెరిగేసరికి బజారు మధ్యకి వచ్చాయి, గజం రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. తెలుగు నేల మీద పాత మిషన్ చర్చిల్లో ఆస్తుల తగాదాలు కోర్టులకెక్కడం కొత్తేమీ కాదు, దాన్ని ఇక్కడి మనుషుల అత్యాశ అని కొట్టిపారెయ్యడం న్యాయం కాదు. విశ్వాసాన్ని అప్పగించడానికి ఒక పద్ధతి ఉంది, బాప్తిస్మం. ఆస్తినీ అధికారాన్నీ అప్పగించడానికి మిషన్ దగ్గర పద్ధతి లేకపోయింది.

దీనికి తోడు ప్రభుత్వం చేసింది ఇంకోటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే, 1956లో సిక్కు దళితులకి, 1990లో బౌద్ధ దళితులకి ఇచ్చారు, క్రైస్తవులకి ఇవ్వలేదు. తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లని బీసీ-సీలో పెట్టారు, వాటా ఒక్క శాతం. గుడిసె అదే, బావి దగ్గర అవమానం అదే, సర్టిఫికెట్ మాత్రం వేరు. కాబట్టి చర్చి రిజిస్టర్లో ఒక పేరు, స్కూలు రికార్డులో ఇంకో పేరు పెట్టుకుని బతకాల్సి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. సరైన నమ్మకం బహిరంగంగా ఒప్పుకోవాలి అని ప్రాణాలిచ్చిన సంప్రదాయం పిల్లలు ఇవాళ నమ్మకాన్ని కాగితాల్లో దాచుకోవాల్సి వస్తోందంటే తప్పు వాళ్లది కాదు, ఆ ఉత్తర్వుది.

ఈ మిషన్‌లోంచి దాని మీదే లోతుగా ఆలోచించిన మనిషి కూడా వచ్చాడు. పాల్ హీబర్ట్ 1932లో షంషాబాద్‌లో మిషనరీ ఇంట్లో పుట్టాడు, పెద్దయ్యాక పాలమూరు వైపు తిరిగొచ్చి పనిచేశాడు, ఒక తెలుగు పల్లె మీద మానవశాస్త్ర పరిశోధన చేసి తర్వాత అమెరికాలో ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన గమనించింది ఏంటంటే, మిషనరీలు పైన దేవుడి గురించి చెప్పారు, కింద సైన్సూ మందుల గురించి చెప్పారు, మధ్యలో ఉన్నదాన్ని వదిలేశారు. దిష్టి, దయ్యం, పిల్లకి జ్వరమొస్తే ఏ దేవతకి కోపం వచ్చిందో అనే భయం, రేపు పంట ఏమవుతుందో అనే బెంగ, వీటికి మిషన్ దగ్గర జవాబు లేదు, అందుకే ఆదివారం చర్చికి వచ్చినవాడే మంగళవారం మంత్రగాడి దగ్గరికి పోతాడు అని. ఈ ఆలోచనని 1982లో ఆయన వ్యాసంగా రాశాడు, ఇప్పుడు ప్రపంచంలో చాలా మిషన్ కాలేజీల్లో చెప్పే పాఠం అది, తెలంగాణ పల్లెలు నేర్పిన పాఠం.

బోర్డు విషయానికొస్తే పేర్లు చాలాసార్లు మారాయి, ఫారిన్ మిషన్స్ బోర్డు, ఎంబీఎంఎస్ ఇంటర్నేషనల్, ఎంబీ మిషన్, 2010ల చివర్లో మల్టిప్లై. కేంద్రం హిల్స్‌బోరో నుంచి కెనడా వైపు వెళ్లింది. ఇండియాతో పాటు చైనా, కాంగో, కొలంబియా, జపాన్, ఇలా చాలా దేశాల్లో పనిచేసింది, వీటిలో కాంగో, ఇండియా చర్చిలే ఇవాళ సంఖ్యలో తల్లి చర్చి కన్నా పెద్దవి. ఇండియా ఎంబీ సభ్యులే లక్ష దాటారు. మొత్తం మెన్నోనైట్ లోకం కూడా అలాగే మారింది, ఆఫ్రికా ఆసియా లాటిన్ అమెరికా వాళ్లే ఇప్పుడు ఎక్కువ, ఇథియోపియాలోని మెసెరెతె క్రిస్తోస్ చర్చి అన్నిటిలోకీ పెద్దది. అక్కడ 1982లో మార్క్సిస్టు సైనిక ప్రభుత్వం చర్చిని మూయించి ఆస్తులు లాగేసుకుంటే, బిల్డింగులు లేకుండా ఇళ్లలో రహస్యంగా కూడుతూ పదేళ్లలో చాలా రెట్లు పెరిగింది. కాంపౌండు ఉంటేనే చర్చి ఉంటుంది అనుకునేవాళ్లు ఇథియోపియా వైపు ఒకసారి చూడాలి. 1997 జనవరిలో ప్రపంచ మెన్నోనైట్ మహాసభ కలకత్తాలో జరిగింది, 1925లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మొదలైన ఆ సభలు ఇండియాకి రావడానికి డెబ్బై ఏళ్లు పైనే పట్టింది.

జడ్చర్ల ఎంబీ హాస్పిటల్, షంషాబాద్ బైబిల్ కాలేజీ ఇంకా నడుస్తున్నాయి, పల్లె చర్చిలు వాటికన్నా గట్టిగా నడుస్తున్నాయి. కానీ వీటి చరిత్ర కాగితాలు, ఫ్రీసెన్ కాలం నుంచి బోర్డుకి రాసిన ఉత్తరాలు, ఫొటోలు, రిపోర్టులు ఎక్కువ భాగం కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో లాంటి చోట్ల ఎంబీ లైబ్రరీల్లో ఉన్నాయి, చాలావరకు జర్మన్‌లో, ఇంగ్లీషులో. అవతలి వైపు కాగితాలు ఇక్కడే ఉన్నాయి, పల్లె చర్చిల పాత బాప్తిస్మం రిజిస్టర్లు, బోధకుల డైరీలు, సంఘం మినిట్స్ పుస్తకాలు, బైబిల్ స్త్రీల మనవరాళ్లు ఇంకా చెప్పగలిగిన మాటలు. చెదలు పట్టకముందే వాటిని స్కాన్ చేసి, పెద్దవాళ్లని కూర్చోబెట్టి రికార్డు చేసి తెలుగులో పెట్టే పని షంషాబాద్ కాలేజీ విద్యార్థులతోనే మొదలుపెట్టొచ్చు, దానికి హిల్స్‌బోరో పర్మిషన్ అక్కర్లేదు.